జూన్ 5న కాదు, మాస్టారూ: మడ అడవుల్లోకి, కాలువ గట్ల మీదకి పిల్లల్ని పంపేవారికి ఒక బహిరంగ లేఖ

కాకినాడ, కోనసీమ జిల్లాల కళాశాలల ప్రిన్సిపాల్ గార్లకు, ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రామ్ ఆఫీసర్లకు, హైస్కూళ్ళలో ఎకో క్లబ్బులు నడిపే మాస్టార్లకు, టీచరమ్మలకు,

నమస్కారం.

ఏటా మే నెలాఖరు వచ్చేసరికి ఫోన్లు మొదలవుతాయి. "జూన్ ఐదు, పర్యావరణ దినం దగ్గర పడిందండీ. రెండొందల మంది పిల్లలున్నారు, బస్సులు మాట్లాడేశాం. మడ మొక్కలు ఎక్కడ నాటిద్దామంటారు?" అడిగేది మంచి మనసుతోనే. కాదనడానికి నాకూ నోరు రాదు. అందుకే ఫోన్లో చెప్పలేనిది అందరికీ కలిపి ఇలా రాస్తున్నాను. ఈ ఏడాది జూన్ 5న పిల్లల్ని మొక్కలు నాటడానికి మడల్లోకి పంపకండి. రెండొందల మందిని ఏ రోజూ పంపకండి. ముప్పై మందిని ఎంచుకోండి. వాళ్ళ ఎన్‌ఎస్‌ఎస్ రెండేళ్ళూ ఆ ముప్పై మందినే, ఒకే చోటికి పంపుతూ ఉండండి.

నేను అటవీ శాఖ మనిషిని కాను. కోరంగి వైపు మడల్లోనూ, కోనసీమ కాలువ గట్ల మీదా మీ విద్యార్థులతో కలిసి బురద తొక్కేవాణ్ణి, అంతే. పిల్లల మీద నాకే ఫిర్యాదూ లేదు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి ఒక పార చేతికిచ్చి, ఎందుకు తవ్వాలో ఒక్కసారి సరిగ్గా చెబితే మధ్యాహ్నం దాకా తల ఎత్తడు. చిక్కంతా మనం వాళ్ళకి పని పెట్టే పద్ధతిలో ఉంది.

ముందు తేదీ సంగతి. జూన్ 5న మనకి రోహిణి కార్తె ఇంకా పోదు. రోళ్ళు పగిలే ఎండలంటారే, అవే. గోదారి అడుగంటి ఉంటుంది, ధవళేశ్వరం దిగువకి మంచినీరు దాదాపుగా రాదు, సముద్రపు నీరు పాయల్లోకి ఎగదన్నుకొస్తుంది. కోరంగి, గాడేరు పాయల్లో ఏడాది మొత్తానికీ ఉప్పు బాగా ఎక్కువగా ఉండే రోజులవి. మడ ఉప్పుకి తట్టుకుంటుంది కదా అంటారు. తట్టుకునేది నిలదొక్కుకున్న చెట్టు. లేత మొక్కకి మొదటి నెలల్లో గోదారి నీరు కలిసిన నీరు తగిలితేనే వేరు సాగుతుంది. ఆ ఎర్రనీరు, అంటే గోదారి వరద నీరు, వచ్చేది జూలై, ఆగస్టుల్లో. తెల్లమడ, నల్లమడ కాయలు పండి రాలేది కూడా వానలు పడ్డాకే. చెట్టే తన కాయని వదలని రోజున మనం మొక్క పెడుతున్నామన్నమాట. 1972లో స్టాక్‌హోంలో పర్యావరణ సదస్సు మొదలైన రోజు కాబట్టి అది పర్యావరణ దినమైంది, మన కార్తెలు చూసి పెట్టింది కాదు. అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ గారు 1950లో మొదలుపెట్టిన వనమహోత్సవం జూలైలో వస్తుంది. మెట్ట నేలలకి అది బాగానే నప్పుతుంది. మడలకైతే ఇంకొంచెం ఆగడమే మేలు.

ఆ రోజు పిల్లల చేత ఏదో ఒకటి చేయించక తప్పదంటే, నిరుడు నాటినవి ఎన్ని బతికాయో లెక్కపెట్టించండి. ఇది నేను వెటకారంగా అనడం లేదు. ఏ మొక్క ఏ వరసలో పోయింది, గేదె తొక్కిందా, పీత కొరికిందా, నీరు నిలిచి కుళ్ళిందా అని రాసుకొచ్చిన పిల్లవాడికి పదిసార్లు నాటినవాడికంటే ఎక్కువ తెలుస్తుంది. పైగా మన జిల్లాల్లో ఎవరూ చేయని పని అది. ఎన్ని నాటామో అందరి దగ్గరా లెక్కుంటుంది. ఎన్ని ఉన్నాయని అడిగితే అందరం ఆకాశం వైపు చూస్తాం.

రెండోది వేళ. బస్సు తొమ్మిదింటికి కాలేజీ దగ్గర బయల్దేరి, టిఫిన్ల కోసం ఒకచోట ఆగి, పదిన్నరకి చేరుతుంది. అతిథులు పదకొండుకి వస్తారు. పోటు వీళ్ళెవరి కోసమూ ఆగదు. రోజుకి రెండుసార్లు ఎక్కుతుంది, రెండుసార్లు తీస్తుంది, రోజురోజుకీ ముప్పావుగంట పైగా ఆలస్యమవుతుంది. అమావాస్యకీ పున్నమికీ బాగా ఎక్కుతుంది, అష్టమి వైపు మందగిస్తుంది. నీరు తీశాక నాటాలి. నాటాక మళ్ళీ నీరు ఎక్కేలోగా మట్టి కాస్త కూర్చోవాలి. ఒక కార్యక్రమంలో ఉపన్యాసాలు సాగి సాగి, నాటడం మొదలెట్టేసరికి పాయ నిండడం మొదలైంది. పిల్లలు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి కాళ్ళతో తడుముకుంటూ మొక్కలు గుచ్చారు. భోజనాల వేళకి వాటిలో కొన్ని తేలుతూ పడవల రేవు దాకా వచ్చేశాయి. మర్నాడు పేపర్లో మాత్రం ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. పోటు వేళలు ఏడాదికి సరిపడా ముందే లెక్కకట్టి ఉంటాయి. అది చూడ్డం రాకపోతే రేవులో వేటకెళ్ళే ఎవర్ని అడిగినా తిథిని బట్టి చెప్పేస్తారు. అతిథి గారి వీలు చూసి కాదు, పోటుని బట్టి తేదీ పెట్టండి.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఎక్కడ అన్నది. దీని మీద కొంచెం ఎక్కువ చెబుతాను, ఓపిక పట్టండి. కోరంగిని అభయారణ్యంగా ప్రకటించింది 1978లో. 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అంతకుముందు ఏళ్ళ తరబడి ఈ మడల్ని కూపుల లెక్కన, అంటే ముక్కలుగా విడగొట్టి వంతులవారీగా, నరికించారు. నరికిన చోట ఎండ నేరుగా నేల మీద పడింది. నేల ఎండి, కుంగి, మధ్యలో గుంట పడింది. పోటుకి ఎక్కిన నీరు ఆ గుంటలో చిక్కుకుని, తిరిగి పాయలోకి పోలేక, అక్కడే ఆవిరై ఉప్పు మిగిల్చింది. ఏటికేడాదీ ఉప్పు పేరుకుంది. అలాంటి చోట ఇలకూర లాంటివి తప్ప ఇంకేవీ లేవవు. అక్కడికి రెండొందల మందిని తీసుకెళ్ళి రెండు వేల మొక్కలు పెట్టించినా పండగలోపు ఎండిపోతాయి. పిల్లలు సరిగా నాటలేదని మనం అనుకుంటాం.

1990ల చివరి నుంచి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కలిసి ఇక్కడ చేసిన పని వేరు. ముందు మొక్క జోలికి పోలేదు. పాయ నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు తవ్వారు, చేప ముల్లు ఆకారంలో. పోటుకి నీరు లోపలికి పోతుంది, తీసినప్పుడు ఉప్పుని కడుక్కుని బయటికి వస్తుంది. అలా కొంతకాలం నీరు ఆడాక కాలువల అంచుల్లో మొక్క పెట్టారు. కొన్నిచోట్ల పెట్టకముందే కొట్టుకొచ్చిన కాయలు తమంతట తామే లేచాయి. ఇప్పటికీ ఆ పద్ధతిదే పైచేయి. కానీ పిల్లకాలువలు ఒండ్రుతో పూడిపోతుంటాయి, ఎవరో ఒకరు తీస్తుండాలి. నన్నడిగితే కాలేజీ పిల్లలకి ఇంతకంటే మంచి పని లేదు. అటవీ శాఖ గుర్తు పెట్టి చూపించిన పిల్లకాలువలో వరసగా నిలబడి పూడిక తీయడం. మొక్క నాటినట్టు ఫోటోకి అందంగా ఉండదు, ఒళ్ళంతా బురదవుతుంది. మధ్యాహ్నం పోటుకి ఆ కాలువలోకి నీళ్ళు పరుగెత్తుకుంటూ వచ్చినప్పుడు వాళ్ళు వేసే కేక వినాలి మీరు.

ఇంకో మాట. మడల ముందు, సముద్రం వైపు, ఖాళీగా పరుచుకున్న బురద మేటలు కనిపిస్తాయి. చూసిన ప్రతివారికీ అక్కడ మొక్కలు నాటేద్దామనిపిస్తుంది. ఖాళీ కదా అని. చలికాలంలో ఎక్కడో సైబీరియా నుంచి వచ్చే పక్షులు దిగి తినేది ఆ బురద మీదే. ప్రపంచంలోనే అరుదైపోయిన ఇండియన్ స్కిమ్మర్ పక్షి కాకినాడ తీరంలో వాలేదీ అలాంటి మేటల మీదే. అది ఖాళీ కాదు, దాని పద్ధతిలో అది నిండుగానే ఉంది. అక్కడ నాటినవి అలల దెబ్బకి ఎలాగూ నిలవవు. నిలిస్తే ఇంకా నష్టం. కేంద్రం 2023లో తెచ్చిన మిష్టి పథకం అయిదేళ్ళలో 540 చదరపు కిలోమీటర్ల మడలని లక్ష్యంగా పెట్టుకుంది. మంచిదే. అయితే పైనుంచి లక్ష్యం దిగేకొద్దీ, "ఎక్కడో ఒకచోట నాటేయండి" అనే ఒత్తిడి కూడా దిగుతుంది. మీ పిల్లల్ని ఆ లెక్క పూరించడానికి పంపకండి.

నాటడం వచ్చినవాళ్ళు దగ్గరుండాలన్నది కూడా తేలిగ్గా తీసుకోవద్దు. ఉప్పుపొన్న అనే మడ చెట్టు కాయ జానెడు నుంచి మూరెడు దాకా, పచ్చటి కర్రలా వేలాడుతుంది. చెట్టు మీదే మొలకెత్తి దిగుతుంది. కాడ దగ్గర రంగు మారిన పట్టీ కనిపిస్తేనే పండినట్టు, లేకపోతే కోయకూడదు. ఒక బ్యాచ్‌లో బీకామ్ కుర్రాడు పెద్ద చదువరి, వరసంతా తాడు పట్టుకుని ఎంతో శ్రద్ధగా గుచ్చుకుంటూ పోయాడు. వెనకాల పీతల బుట్టతో వెళ్తున్న అక్క ఆగి చూసి, "బాబూ, అన్నీ తల్లకిందులు పెట్టావు" అంది. సూదిగా ఉన్న కొస పైకెందుకు ఉంచావంటే, మొలక అదే అనుకున్నాడట. తెల్లమడ గింజలకైతే ఇంకో ముచ్చట. రాత్రి బకెట్టు నీళ్ళలో వేసి ఉంచితే తెల్లారేసరికి పైపొట్టు ఊడిపోతుంది. లోపల మడతపెట్టిన రెండు పచ్చటి పప్పులు, కింద నూగుతో చిన్న వేరు కొస. పొట్టు ఊడినవాటినే కవర్లలో పెట్టాలి, సగం దాకా నొక్కి వదిలేయాలి, పూడ్చకూడదు. ఈ పని స్కూలు పిల్లలు కూడా చేయగలరు, పెద్దవాళ్ళకంటే ఓపిగ్గా చేస్తారు. వాళ్ళని బురదలోకి, పడవల్లోకి ఎక్కించకుండా నర్సరీ దగ్గరే ఉంచడానికి ఇదొక మంచి దారి.

పడవలంటే గుర్తొచ్చింది. లైఫ్ జాకెట్లు తలకొకటి లేకపోతే పడవ కదలకూడదు, వీసీ గారే వచ్చి పిలిచినా సరే. తిల్ల చెట్టు ఏదో మొదటి రోజే చూపించాలి. దాని కొమ్మ విరిస్తే పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే కొన్నాళ్ళు చూపు మసకబారుతుంది, చర్మం మీద పొక్కులు లేస్తాయి. కోరంగిలో తెల్లమడ పక్కనే గుబురుగా ఉంటుంది, సెల్ఫీల కోసం పిల్లలు పట్టుకుని వేలాడేదీ దాన్నే. బురదలో చెప్పులు నిలవవు. వట్టికాళ్ళతో దిగితే మడ వేళ్ళకి అంటుకున్న ఆల్చిప్పలు కోస్తాయి. పాత కాన్వాసు బూట్లు లేస్ బిగించి కట్టుకోవడమే మార్గం. మంచినీళ్ళు, మందుల పెట్టె, ఇంట్లోవాళ్ళ సంతకం, ఇవన్నీ మీకు తెలిసినవే.

మడల్లో పని ఊళ్ళవాళ్ళని అడగకుండా మొదలెట్టకండి. బలుసుతిప్ప, భైరవపాలెం, కోరంగి వైపు మీరు ఖాళీ అనుకునే ప్రతి జాగాలోనూ ఎవరికో ఒకరికి పీతల దారో, వల కట్టే చోటో ఉంటుంది. పడవ నడిపినందుకు డబ్బిస్తాం, దారి చూపించి నేర్పినందుకు మాత్రం "థాంక్యూ బాబాయ్" అంటాం. అది సరికాదు. రోజంతా పిల్లలకి చెప్పే మనిషికి, వేటకి వెళ్తే వచ్చేంత అయినా ఇవ్వాలి. గెస్టు లెక్చరర్‌కి ఇచ్చే పద్దులో రాయండి. నిజానికి ఆయన చేసేది అదే. పని అయ్యాక సాయంత్రం ఆ ఊరి పెద్దల్ని ఒక గంట కూర్చోబెట్టి 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను సంగతి చెప్పించండి. ఇప్పుడు డిగ్రీ చదివే పిల్లలు అప్పటికి పుట్టలేదు. గాలి ఏ వైపు నుంచి తిరిగింది, నీరు ఎంత ఎత్తున వచ్చింది, ఎవరు దేన్ని పట్టుకుని బతికారు అన్నది విన్నవాళ్ళు మర్నాడు పొద్దున్నే పిలవకుండానే పారలు పట్టుకుని వస్తారు. మీ పవర్‌పాయింటు ఆ పని చేయలేదు, క్షమించాలి.

ఇక్కడే ఒక ఇబ్బందికరమైన సంగతి. మన పిల్లల్లో చాలామంది ఇళ్ళు రొయ్యల చెరువుల మీద నడుస్తున్నాయి. ఒకబ్బాయి నన్ను పక్కకి పిలిచి, "మా నాన్న చెరువు కూడా మడ కొట్టేసే తవ్వారటండి, నేను రావచ్చా?" అని అడిగాడు. రాకపోతే ఎలా నాయనా అన్నాను. తీరప్రాంత నియమాల్లో మడలు అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న కేటగిరీలో ఉన్నాయి, కొత్తగా కొట్టడానికి వీల్లేదు. అది చెప్పాలి, గట్టిగానే చెప్పాలి. కానీ ఉపన్యాసాల్లో చెరువులవాళ్ళందర్నీ దొంగల్ని చేసి మాట్లాడితే ఎదురుగా కూర్చున్న సగం తలలు వంగిపోతాయి. వచ్చే వారం ఆ సగం మంది కనపడరు. చెరువు బయటి గట్టు కిందా, మురుగుకాలువ అంచునా మడ పెంచడానికి ఆ కుర్రాడే వాళ్ళ నాన్నని ఒప్పించగలడు. నేనూ మీరూ ఒప్పించలేం.

మీలో అందరికీ మడలు దగ్గర కావని తెలుసు. అమలాపురం, రావులపాలెం, రాజోలు వైపు కాలేజీలకి కాలువ గట్లున్నాయి. నాకైతే అదే ఇంకా పెద్ద పని అనిపిస్తుంది. గట్ల మీద ఇప్పుడున్నది సర్కారు తుమ్మ, లొట్టపీసు. నీళ్ళలో గుర్రపు డెక్క. మనం మొక్కలంటూ తెచ్చి పెట్టేది కోనోకార్పస్, లేకపోతే ఏవో పూల మొక్కలు. కోనోకార్పస్ అమెరికా, ఆఫ్రికా తీరాల చెట్టు. ఇక్కడి పిట్టకీ పురుగుకీ దాంతో చుట్టరికం లేదు. గట్టు మీద ఉండవలసినవి గంగరావి, కానుగ, పొన్న, నేరేడు, తెల్లమద్ది, వావిలి, నీటి అంచున మొగలి. ఇవి నర్సరీల్లో దొరకడం లేదంటారు. కడియం మనకి పక్కనే ఉంది. అడిగేవాళ్ళుంటే అక్కడ పెంచలేనిదంటూ లేదు. జూన్‌లో వెళ్ళి రేపటికి కావాలంటే బోగన్‌విలియా ఇస్తారు. ముందటేడు కార్తీకంలోనే చెప్పి, కొంత అడ్వాన్సు ఇచ్చి, గింజ కూడా మనమే ఏరి ఇస్తే కానుగా, పొన్నా పెంచి ఇస్తారు. గింజలు ఏరడం పిల్లల పని. ఏ ఊళ్ళో పాత పొన్న చెట్టుంది, ఏ గుడి వెనక మద్ది ఉంది అని తిరిగి రాసుకోవడంతోనే ఒక సెమిస్టరు హాయిగా గడుస్తుంది. వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రి పేర్లు చదివిస్తాం కదా. అందులో ఎన్ని మీ ఊరి గట్టు మీద ఉన్నాయో చూసి రమ్మనండి. తెంపుకు రమ్మని మాత్రం అనకండి, ఉన్నవి కూడా పోతాయి.

నీళ్ళు పోయడానికి మనుషులు లేని గట్లకి తాటి టెంకలు. పళ్ళు రాలే కాలంలో ఏరుకొచ్చి, గట్టు వాలులో జానెడు లోతున పాతేస్తే చాలు, నీళ్ళడగవు. కొన్ని నెలలాగి తేగలు తవ్వుకుపోకుండా కాపలా కాయాలి, మన కోనసీమలో అదొక్కటే కష్టం. పెద్దవయ్యేసరికి మనం ఉండకపోవచ్చు గానీ గిజిగాళ్ళు ఉంటాయి.

మిగిలిన మొక్కలకి చావు ఎండాకాలంలో వస్తుంది. కాలేజీ క్యాలెండరుకీ మొక్క క్యాలెండరుకీ పొంతన లేదు. సంక్రాంతికి పిల్లలు ఊళ్ళకి పోతారు, మార్చిలో పరీక్షలు, ఏప్రిల్ చివర సెలవులు. సరిగ్గా అప్పుడే మరమ్మతుల కోసం డెల్టా కాలువలు కట్టేస్తారు. అంతవరకూ పక్కనే నీళ్ళు పారుతున్నాయిలే అనుకున్న గట్టు మీది మొక్కకి బకెట్టు నీళ్ళు దొరకవు. కాబట్టి చోటు ఎంచుకునేటప్పుడే బోరో చెరువో దగ్గరున్న గట్టు చూసుకోండి. ముప్పై మందిలో కనీసం పది మంది ఆ గట్టు పక్క ఊళ్ళవాళ్ళే అయ్యేలా చూడండి, సెలవుల్లో ఇంట్లోనే ఉంటారు. మిగతాదానికి అక్కడి డ్వాక్రా సంఘానికి ఏప్రిల్, మే నెలలకి డబ్బు కట్టి అప్పగించండి. ఫ్లెక్సీకి, శాలువాలకి, మెమెంటోలకి పెట్టే డబ్బు ఇటు తిప్పితే సరిపోతుంది. నేను లెక్క చూశాను.

గట్టు మీద మొక్క పెట్టేముందు ఇరిగేషన్ వాళ్ళకి ఉత్తరం రాసి, ఎక్కడ పెడుతున్నారో చూపించి, రసీదు తీసుకోండి. పూడిక తీసే పొక్లెయిన్ డ్రైవరుకి గంగరావీ తెలీదు, లొట్టపీసూ తెలీదు. ఒక్క పూటలో రెండేళ్ళ పని లేచిపోతుంది. ఏ వైపు గట్టు మీద యంత్రం నడుస్తుందో ముందే అడిగి, రెండో వైపు నాటండి.

అంతర్వేది, ఓడలరేవు లాంటి ఇసుక తీరాలకి వెళ్ళేవాళ్ళకి ఒక్క ముక్క. అక్కడ సరుగుడు నాటకండి. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఎక్కే ఇసుక అది, సరుగుడు వేళ్ళు అల్లుకుంటే గొయ్యి తవ్వుకోలేవు. ఇసుకని పట్టి ఉంచే పని బాలబంది తీగ, రావణాసురుడి మీసాలు ఎప్పటి నుంచో చేస్తున్నాయి. వాటిని తొక్కకుండా, ప్లాస్టిక్ ఏరి, తిరిగి రావడమే చాలు.

చివరికి ఆ ముప్పై మంది సంగతి. రెండొందల మంది పెళ్ళికొచ్చిన చుట్టాలు. అక్షింతలు వేసి, భోంచేసి వెళ్తారు. కాపురం ఎలా ఉందో చూడ్డానికి ఇంటివాళ్ళు కొందరు కావాలి. ఎన్‌ఎస్‌ఎస్ నియమం ప్రకారం ఒక్కో విద్యార్థి ఏడాదికి 120 గంటలు ఇవ్వాలి, రెండేళ్ళకి 240, పైన ఏడు రోజుల క్యాంపు. నెలకి రెండు పూటలు, పూటకి నాలుగు గంటల లెక్కన పది నెలలు వేసుకున్నా 80 గంటలే. మిగిలిన 40 నర్సరీకి, లెక్కలు రాయడానికి. గంటలు ఉన్నాయి, వాడుకోవడమే లేదు. ఏటా పదిహేను మంది వెళ్ళిపోయి పదిహేను మంది కొత్తగా వచ్చేలా చూసుకుంటే, పాతవాళ్ళే కొత్తవాళ్ళకి నేర్పుతారు. సీనియర్ చెబితే వినేంతగా మనం చెబితే వినరు.

పని పంచడంలో కొంచెం కళ్ళు తెరుచుకుని ఉండాలి. అందరూ పార పట్టుకోనక్కర్లేదు. పోటు వేళలు చూసి వారం ముందు గ్రూపులో పెట్టేవాడొకడు, మొక్కల పుస్తకం రాసే అమ్మాయి ఒకతె, సామాను లెక్క చూసుకునేవాడు, ఊరివాళ్ళతో మాట్లాడేవాడు. క్లాసులో నోరు విప్పని పిల్లవాడు గడపార పట్టుకుంటే అందరికీ నాయకుడవడం చూశాను. ఆడపిల్లల్ని మాత్రం రిజిస్టర్ టేబుల్ దగ్గరా, ముగ్గుల దగ్గరా కూర్చోబెట్టేస్తున్నారు. దయచేసి ఆ అలవాటు మానండి. వాళ్ళూ కాలువలోకి దిగుతారు. దిగాలంటే బట్టలు మార్చుకునే చోటు, బాత్రూము, వెంట ఒక మేడమ్, దీపాలు పెట్టేలోపు ఇల్లు చేరే బస్సు ఉండాలి. ఇవి లేకపోతే ఇంట్లో పంపరు. పంపకపోవడంలో తప్పేమీ లేదు. సాయంత్రాలు షాపుల్లో పనిచేసుకునే పిల్లలకి బస్సు చార్జీ, పొద్దున ఇడ్లీ మన ఖర్చే కావాలి. సేవ కదా అని వాళ్ళ జేబులోంచి పెట్టిస్తే మూడో వారానికి మానేస్తారు.

మీ ఇబ్బంది నాకు తెలుసు. కాలేజీలకి గ్రేడు ఇచ్చే నాక్ బృందం వస్తే జియోట్యాగ్ ఫోటోలు కావాలి, ఎంతమంది పాల్గొన్నారో అంకెలు కావాలి. ముప్పై అని రాస్తే చిన్నగా ఉంటుంది. దానికొక ఉపాయం ఉంది. చోటు దగ్గర ఒక సిమెంటు రాయి పాతి, మూడు నెలలకొకసారి ఆ రాయి మీదే నిలబడి అదే వైపు ఫోటో తీయించండి. రెండేళ్ళకి ఎనిమిది ఫోటోలు. కింద బతికినవెన్ని, పోయినవెన్ని, ఎందుకు పోయాయి. రెండొందల మంది పళ్ళికిలించిన గ్రూపు ఫోటో ఏ కాలేజీ ఫైల్లో చూసినా ఉంటుంది. ఇలాంటి ఎనిమిది ఫోటోలు ఏ ఫైల్లోనూ ఉండవు. చూసేవాళ్ళకి ఆ తేడా తెలియదనుకోను. పోయినవాటి అంకె రాయడానికి వెనకాడకండి. సగం పోయాయని రాసిన కాలేజీని నమ్మబుద్ధవుతుంది.

ఈ లేఖ ప్రతిని కాకినాడ, కోనసీమ అటవీ రేంజ్ అధికారులకి కూడా పంపుతున్నాను. వారికి ఒక మనవి. అభయారణ్యంలో అడుగుపెట్టాలంటే 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి కావాలి, ఉండాల్సిందే. కానీ ప్రతి పూటకీ ఒక అర్జీ, ఒక సంతకం అంటే పోటు వేళ చూసుకుని రావడం కుదరదు. రెండేళ్ళ పని ఒప్పుకున్న కాలేజీకి, పేర్ల జాబితా తీసుకుని, ఏడాది మొత్తానికి ఒకే అనుమతి ఇచ్చే వీలు చూడండి. పూడిక తీయాల్సిన పిల్లకాలువ ఒకదాన్ని ఆ కాలేజీ పేరున గుర్తించి, బీటు సిబ్బంది ఒకరిని జత చేయండి. ఆగస్టు మొదటి వారంలోగా చోటు చూపిస్తే, గోదారి ఎర్రనీరు ఉండగానే పని మొదలెట్టుకుంటాం.

ఇట్లు,
మీ విద్యార్థులతో బురదలో దిగే ఒక వలంటీరు,
తాళ్ళరేవు మండలం